గోలీలు లేని సాక్ష్యం

సారక్కకు మైకంటే భయం లేదు. మైకు లేకుండనే వాడకట్టంత వినబడేటట్టు మాట్లాడిన మనిషి, చేతికి మైకు దొరికితే ఊకుంటదా? ఎనుమాముల మిర్చి యార్డు వెనక సందుల ఉన్న రేకుల మందిరంల ఆమె సాక్ష్యం చెప్పని పండుగ లేదు, కూడిక లేదు. తెల్లచీర కొంగు తల మీదికి గుంజుకొని, గొంతు సవరించుకొని, "ప్రభువు పేరిట అందరికి వందనాలు" అని మొదలుపెట్టిందంటే, కుర్చీలల్ల కునుకు తీసేటోళ్లు సుత సర్దుకొని కూసునేది.

ఆమె పుట్టింది పాలకుర్తి దిక్కు. మేడారం జాతర నెలల పుట్టిందని సారక్క అని పెట్టిన్రు. పెండ్లయినంక ఇద్దరు ఆలుమొగలు నమ్ముకొని బాప్తిస్మం తీసుకున్ననాడు మందిరం పాస్టరు సదానందం అయ్యగారు పేరు మార్చుదామన్నడు. "పేరు మారిస్తే రేషన్ కార్డు మీరు మార్పిస్తరా?" అని అడిగింది. అయ్యగారు నవ్వి ఊకున్నడు. బొట్టు తీసింది గాని పేరు తియ్యలే.

ఆమె భర్త మొగిలి ఆమెకు సరిగ్గ ఎదురు. యార్డుల హమాలి. ఎంత బరువైనా మోస్తడు, మాట మాత్రం మొయ్యలేడు. ఇరవై ఏండ్ల సంది మందిరానికి వస్తాండు, ఒక్కనాడు లేచి సాక్ష్యం చెప్పలే. ఆయన ప్రార్థన సుత రెండే మాటలు. పొద్దున లేచి మంచం మీదనే కూసోని, కండ్లు మూసుకొని "ఉన్నవా తండ్రీ" అంటడు. జరసేపు ఆగుతడు. ఆగి, లేచి, వేపపుల్ల నోట్ల ఏసుకొని పోతడు.

అది యార్డు మాట. బస్తా ఎత్తేటప్పుడు ఇద్దరు హమాలీలు రెండు దిక్కుల కొక్కేలు ఏసి లేపుతరు, ఇంకొకడు వంగి వీపు ఇస్తడు. వీపు ఇచ్చినోనికి వెనక ఏమైతాందో కనబడదు. అందుకే వంగినోడు "ఉన్నవా?" అంటడు. లేపేటోళ్లు "ఉన్న" అన్నంకనే మోకాళ్లు గట్టి చేసుకుంటడు. ఆ మాట రాకముందు బరువు మీద పడ్డదంటే నడుము ఇరుగుతది.

సారక్కకు అది నవ్వులాట. ఆమె ప్రార్థనకు కూసుంటే అన్నం అడుగంటాలె.

"ఏందయ్యా, దేవునికి మిస్డ్ కాల్ ఇస్తానవా?" అనేది. "ఎత్తిండా?"

"ఎత్తకపోతే ఇయ్యాల బస్తా ఎట్ల లేస్తదే," అనేటోడు మొగిలి.

రెండేండ్ల కింద మొగిలికి దగ్గు తగిలింది. మిర్చి దగ్గే అనుకున్నరు. తువాలల రక్తం పడ్డంక, మనిషి గూడల బొక్కలు తేలినంక, సదానందం అయ్యగారే తన బండి మీద కూసోబెట్టుకొని సర్కారు దవాఖానకు తీస్కపోయిండు. టీబీ అన్నరు. ఆర్నెల్లు గోలీలు ఇచ్చిన్రు. ఆ గోలీలు మింగితే మూత్రం ఎర్రగ వచ్చేది, తిన్నది నిలిచేది కాదు. మొగిలి మొఖం తిప్పుకుంటే సారక్క చెంబు పట్టుకొని ఎదురుంగ నిలబడేది. "మింగు. నోరు తెరువు. నాలిక కింద దాచినవా? ఏదీ, చూడని." ఒక్క పూట తప్పనియ్యలే. అటు శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉన్నది. అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె పొద్దుమాపు ఛాతికి రుద్దింది. ఆర్నెల్లకు మొగిలి మళ్ల బస్తా కింద వీపు పెట్టిండు.

మొదటిసారి సాక్ష్యం చెప్పిననాడు సారక్క అన్నీ చెప్పింది. గోలీలు, నూనె, ఉపవాసం, ఎర్ర మూత్రంతో సహా. ఆడోళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్విన్రు. రెండోసారి మూత్రం తీసేసింది, అది మర్యాదే. నాలుగోసారి నెక్కొండ కూడికలల్ల చెప్పాల్సి వచ్చింది. టైము తక్కువున్నది. అయ్యగారు చెవుల "జర కురచగ చెప్పక్కా" అన్నడు. కురచ చేసేటప్పుడు ఏది తీసేస్తది? ఉపవాసం తీస్తదా, నూనె తీస్తదా? గోలీలు తీసింది. ఆనాడు జనం హల్లెలూయా అంటే ఆడి మందిరం రేకులు అదిరినై. ఆ సప్పుడు చెవులల్ల పడ్డంక గోలీలు మళ్ల వాటి జాగకు రాలే.

అబద్ధం ఆడిందా అంటే ఆడలే. ఒక్క ముచ్చట చెప్పకుండ ఊకున్నది. ఎదురుంగ కూసున్న అయ్యగారు సుత ఊకున్నడు. తర్వాత దాన్ని ఎవరో వీడియో తీసిన్రు, అయ్యగారు యూట్యూబ్‌ల పెట్టిండు. అప్పటి సంది సారక్క యార్డుల మిర్చి తొడిమలు తీసే సారక్క కాదు. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు, "అమ్మా, మా బిడ్డ కోసం ప్రార్థన చెయ్యున్రి" అని. బతుకంత మిర్చి కుప్పల కాడ గుత్తేదారు తిట్లు తిన్న మనిషిని ఎవరన్న అమ్మా, మీరు అని పిలిస్తే ఎట్లుంటదో పిలిపిచ్చుకున్నోళ్లకే ఎరుక.

పోయిన క్రిస్మస్‌కు పదిహేను దినాల ముంగట మొగిలి మళ్ల దగ్గిండు.

సారక్క విన్నది. విననట్టు పొయ్యి మీది కూర కలిపింది. మళ్ల దగ్గిండు. అదే దగ్గు. మనిషి గొంతు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది దాన్ని.

"దవాఖానకు పోదమా?" అన్నడు మొగిలి.

"క్రిస్మస్ పోనియ్యి. సాక్ష్యమున్నది నాది."

క్రిస్మస్ పోయింది. కొత్త సంవత్సరం ఆరాధన పోనియ్యి అన్నది. అదీ పోయింది. ఫిబ్రవరి ఆఖరుకు మూడు దినాల ఉపవాస కూడికలు పెట్టిన్రు. గులాబి రంగు కరపత్రాల మీద అయ్యగారి ఫొటో కింద అక్షరాలు: 'దగ్గు రోగం నుండి విడుదల. సహోదరి సారమ్మ గారి సాక్ష్యం.' సారక్కకు చదువు రెండో తరగతితోనే ఆగింది. తన పేరు మాత్రం, అక్క కాడ అమ్మ అని మార్చినా, కూడబలుక్కొని చదివింది. చదివి కరపత్రాన్ని మడతపెట్టి బియ్యం డబ్బల దాచుకున్నది.

"కూడికలు కానియ్యి, నేనే తీస్కపోత," అన్నది మొగిలితోటి.

ఆమె భయం ఏందంటే, మందిరంల ఒక్కరు చూసి 'మొగిలికి మళ్ల తిరగబెట్టిందట' అంటే చాలు, తన సాక్ష్యం నీళ్లల్ల కలుస్తది. తన సాక్ష్యం పోతే దేవుని పేరు పోతది. అట్ల లెక్క కట్టుకున్నది. తన పేరు ఎక్కడ పోతదో అన్న భయాన్ని దేవుని పేరు కింద దాచిపెట్టుకున్నది. ఆయన పేరు ఆయన కాపాడుకోడా అని అడిగే మనిషి ఇంట్ల లేకపాయె. ఉన్న ఒక్క మనిషి అడిగేటోడు కాదాయె.

ఆదివారం మొగిలిని మందిరానికి పోనియ్యలే. "యార్డుల లోడు ఉన్నది" అని చెప్పింది. ఆదివారం యార్డు బంద్ అని వాడల అందరికి తెలుసు. అయినా ఎవరూ అడగలే.

అడిగింది ఒక్క అనీస్ బేగం. గోడకు గోడ ఇల్లు, కుప్పకు కుప్ప పని. ముప్పై ఏండ్ల సంది ఇద్దరూ పక్కపక్కన కూసోని మిర్చి తొడిమలు తీస్తాన్రు.

"సారక్కా, మీ ఆయన దగ్గు మంచిగ లేదు," అన్నది తొడిమ తెంపుకుంట.

"మిర్చి ఘాటు. యార్డుల దగ్గని మనిషిని చూపియ్యి."

"నాకు చెప్తవా మిర్చి దగ్గు? మిర్చి దగ్గు నోట్లకెళ్లి వస్తది. మీ ఆయనది పాతాళంలకెళ్లి వస్తాంది."

"నీ చెవులు పాడైనై బేగం."

"పాడైతే పీడ పాయె. నిద్రన్న పట్టేది." అనీస్ బేగం చేతుల మిర్చి పక్కకు పెట్టింది. "అరే, పోయినసారి గోలీలకు తగ్గింది గదా. నువ్వే గోడ మీదికెళ్లి ఒర్రుతుంటివి, మింగు మింగు అని. ఇప్పుడేమైంది? గోలీలు చేదైనయా, నువ్వు పెద్దమనిషివైనవా?"

సారక్కకు కోపం నెత్తికెక్కింది. "మా ఇంటి ముచ్చట నీకెందుకు? నీ పని నువ్వు చూస్కో." ఆనాటి సంది మూడు దినాలు పక్కన కూసోలే. వేరే కుప్ప కాడికి పోయింది. అక్కడ మిర్చి తేమగున్నది, వేళ్లు మండినై. అయినా అక్కడనే కూసున్నది.

కూడికల మూడోనాడు పొద్దుగూకంగ షామియానా నిండింది. మొగిలి రానంటే రాను అన్నడు గాని, ఆయన లేకుంటే జనం అడుగుతరని సారక్కనే తెల్లంగి తొడిగి తీసుకొచ్చింది. కడ వరసల, ఆఖరి కుర్చీల కూసోబెట్టింది. మైకు పట్టుకొని మొదలుపెట్టింది. "నా భర్త మంచం పట్టిండు. డాక్టర్లు పెదవి విరిచిన్రు..." మాట నోట్లకెళ్లి వస్తనే ఉన్నది, కండ్లు మాత్రం ఆఖరి కుర్చీ మీద పడ్డయి. మొగిలి తువాలను ఉండ చేసి నోట్ల కుక్కుకున్నడు. మొఖం నల్లగైంది, మెడ నరాలు తాళ్లోలె తేలినై. భుజాలు ఎగిరి ఎగిరి పడుతానై. సప్పుడు మాత్రం బయటికి రానిస్తలేడు.

అప్పుడన్న ఆపొచ్చు. ఆపలే. "ఇయ్యాల నా భర్త మీ మధ్యల ఆరోగ్యంగ కూసున్నడు, లేచి నిలబడుమంటే నిలబడతడు" అని సుత అన్నది. జనం వెనకకు తిరిగి చూసిన్రు. మొగిలి తువాల తీసి ఒళ్లె దాచుకొని లేచి నిలబడ్డడు. నవ్విండు. జనం హల్లెలూయా అన్నరు.

కూడిక అయినంక ముప్పై ఏండ్ల బక్కపల్చని ఆడిమనిషి వచ్చి సారక్క కాళ్లకు దండం పెట్టింది. పేరు పద్మ. "అక్కా, నెక్కొండ నుంచి రైలెక్కి వచ్చిన. నీ వీడియో రోజూ చూస్త. నాకు సుత అదే రోగం. రెండు నెలలు గోలీలు మింగిన, ఒకటే వాంతులు. మీ ఆయనకు గోలీలు లేకుండనే పోయింది గదా అని నేను సుత ఆపిన. విశ్వాసం ఉంటే చాలు గదక్కా?"

గోలీలు మింగు బిడ్డా అని చెప్పేటందుకు మూడు మాటలు చాలు. ఆమె పద్మ తల మీద చెయ్యి పెట్టి పావుగంట ప్రార్థన చేసింది.

కూడికలైన తెల్లారి యార్డుల మొగిలి వీపు ఇచ్చి వంగిండు. "ఉన్నవా?" అన్నడు. "ఉన్న" అన్నడు వెనకోడు. బస్తా వీపు మీదికి రాకముందే ఈయన ముందటికి పడిపోయిండు. నోట్లకెళ్లి వచ్చిన రక్తం మిర్చి మీద పడితే మొదాలు ఎవరికీ కనబడలే, ఎరుపుల ఎరుపు కలిసిపోయింది. తెల్ల బనీను మీద మరక చూసి గుర్తుపట్టిన్రు.

సారక్క ఉరికొచ్చి ఆయన తల ఒళ్లె పెట్టుకొని "ప్రభువా ప్రభువా" అని కేకలు పెడతాంది. అనీస్ బేగం వచ్చి జబ్బ పట్టుకొని లేపింది.

"నీ దేవుని తోటి పంచాయితి తర్వాత పెట్టుకో. మొదలు ఆటో ఎక్కు. అరే, చూస్తానవేందే, కాళ్లు పట్టు!"

ఛాతి దవాఖానల డాక్టరమ్మ చిన్న వయసామె. ఫిల్ము వెలుగుకు పెట్టి చూసింది. ఒక దిక్కు ఊపిరితిత్తి మొత్తం పోయిందన్నది. రెండోది సగం. పాత మందులకు లొంగని టీబీ, వేరే మందులు ఉన్నై గాని ఈ ఒంటికి తట్టుకునే సత్తువ ఉన్నదో లేదో చెప్పలేనన్నది.

"ఎన్నాళ్ల సంది దగ్గు?"

సారక్క గోడను చూసింది.

"సీజను గదమ్మా," అన్నడు మొగిలి, ఒక్కో మాటకు ఊపిరి గుంజుకుంట. "పని... వదులబుద్ధి కాలే. ఈమె పోదామనే అంటాంది. నేనే పోలే."

పుట్టి బుద్ధెరిగినంక మొగిలి ఆడిన మొదటి అబద్ధం అది కావచ్చు. డాక్టరమ్మ ఆయనను తిట్టింది. మూడు నెలల ముందు వస్తే ఇట్ల కాకపోతుండె అన్నది, మీ అసొంటోళ్లకు పెండ్లాం పిల్లల మీద ప్రేముండదు అన్నది. ఆయన తలకాయ ఊపిండు. సారక్క అప్పుడు సుత గోడనే చూసింది.

వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ స్రవంతి కరీంనగర్ నుంచి వచ్చింది. తండ్రిని చూసి బయటికొచ్చి, "నీ సాక్ష్యం కోసం నాయినను..." అన్నది. సగం మాటకే ఆగింది. మిగిలిన సగం రోజూ అన్నం తెచ్చి ఇచ్చేటప్పుడు కండ్లతోటి అనేది.

ఆదివారం పొద్దున స్రవంతిని మంచం కాడ కూసోబెట్టి సారక్క మందిరానికి పోయింది. ఎందుకు పోతాందో ఆమెకే తెల్వదు. ఇంట్ల కూసోలేక, దవాఖానల నిలబడలేక పోయింది. మొగిలి పడిపోయిన ముచ్చట అందరికి తెలిసింది. అయ్యగారు మైకు చేతికి ఇచ్చిండు. "సారక్క విశ్వాసంతోటి రెండు మాటలు చెప్తది. మొగిలన్న మళ్ల లేస్తడు."

మూడో వరసల పద్మ కూసున్నది. చేతి రుమాలు నోటికి అడ్డం. మొన్నటికంటె ఇంక గుంజుకపోయింది.

సారక్క వందనాలు చెప్పలే. కొంగు గుంజుకోలే.

"మొగిలికి రెండేండ్ల కింద గోలీలకే తగ్గింది," అన్నది. "సర్కారు గోలీలు. ఆర్నెల్లు. నేనే చెంబు పట్టుకొని మింగిచ్చిన."

"ఆమేన్," అన్నడు సాంబయ్య తాత. ప్రతి మాటకు ఆమేన్ అనుడు ఆయన అలవాటు. అన్నంక నోటి మీద చెయ్యి పెట్టుకున్నడు.

"ప్రార్థన సుత చేసిన. అది అబద్ధం కాదు. గోలీలు చెప్పకుండ దాచిన, ఎందుకంటే చెప్పకపోతే మీరు గట్టిగ హల్లెలూయా అన్నరు. నాకు మంచిగ అనిపిచ్చింది. మళ్ల రోగమొస్తే దాచిన. ఆయన దవాఖాన అన్నడు, నేను వద్దన్న. మూడు నెలలు. డాక్టరమ్మ కాడ నేరం ఆయన మీదేసుకున్నడు. నేను ఊకున్న."

పద్మ లేచి నిలబడ్డది.

"మరి ఆనాడు నా తల మీద చెయ్యి పెట్టి దేవుణ్ణి ఏం అడిగినవక్కా?"

"ఏం అడగలే బిడ్డా," అన్నది సారక్క. "నువ్వు నా ఎదుటికెళ్లి జల్ది పోవాలని అడిగిన."

పద్మ సంచి అందుకొని ఎవ్వరి దిక్కు చూడకుండ పోయింది. అయ్యగారు మైకు గుంజుకొని పాట ఎత్తిండు, గొంతు అందలే. ఆడోళ్లు కుర్చీలు జరుపుకున్నరు. సారక్క బయటికొచ్చి చెప్పులు ఏసుకున్నది. ఒకటి తనది, ఒకటి ఎవరిదో. దవాఖాన కాడికి పోయినంక చూసుకున్నది.

నిజం చెప్పింది గదా, గుండె తేలికైందా అని ఎవరన్న అడిగితే, కాలే. మునుపు దాచే పనన్న ఉండె. ఇప్పుడు అదీ లేదు. మంచం పక్కన స్టూలు మీద కూసునుడు, సెలైన్ సీస ఎక్కుతాంటే చూసుడు, గిన్నె కడుగుడు. ప్రార్థన చేద్దామని కండ్లు మూస్తే ఎదురుంగ మైకు కనబడేది. మాటలన్నీ మైకుల మాట్లాడినయే, పాతయే. 'కృపగల దేవా' అని మొదలుపెడితే తన గొంతు తనకే ఎలపరం పుట్టిచ్చింది. ఇరవై ఏండ్లల్ల మొదటిసారి సారక్క ప్రార్థన చెయ్యక పండుకున్నది. ఒకనాడు కాదు, పన్నెండు దినాలు. పైన ఎవరన్న ఉంటే మొఖం చూసేదెట్ల? లేకపోతే ఈ మనిషిని ఎవరి చేతుల పెట్టేది? రెండు తొవ్వలూ మూసుకపోయినై.

వార్డు కిటికిలకెళ్లి చూస్తే కింద మందులిచ్చే కాడ వరుస కనబడతది. ఒకనాడు ఆ వరుసల పద్మ నిలబడ్డది. గోలీల కవరు తీసుకొని, లెక్క చూసుకొని, సంచిల పెట్టుకున్నది. సారక్క కిటికి ఊచలు పట్టుకొని అట్లనే చూసింది. పద్మ తల పైకెత్తింది. గుర్తుపట్టింది. మొఖం తిప్పుకొని పోయింది.

అయ్యగారు బత్తాయిలు పట్టుకొని వచ్చిండు. స్టూలు మీద కూసోకుండ మంచం కాళ్ల కాడ నిలబడ్డడు.

"వీడియో తీసేసిన అక్కా. కానీ అప్పటికే ఎవరెవరి ఫోన్లకో పోయింది. అవి తీసుడు నాతోటి కాదు."

"అంటే ఫోన్లల్ల మొగిలి ఇంకా బాగైతనే ఉన్నడన్నమాట," అన్నది సారక్క.

అయ్యగారు బత్తాయిల సంచి కింద పెట్టిండు. "నాకు తెల్వదా అక్కా? దవాఖానకు బండి మీద నేనే తీస్కపోయిన గదా. గోలీల ముచ్చట నువ్వు ఎగ్గొట్టిననాడు నేను ముందటి వరసలనే ఉన్న."

"మరి ఎందుకు ఊకున్నరు?"

"జనం వస్తాన్రు అక్కా. మందిరం నిండుతాంది. చెప్పబుద్ధి కాలే." ఆయన తువాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు.

"ఏడువకున్రి. ఈడ ఏడ్చేటోళ్లు మస్తు మంది ఉన్నరు. వచ్చినోళ్లు వచ్చినట్టు ఒక బత్తాయి ఒలువున్రి."

ఆయన ఒలిచిండు. తొనలు మొగిలి చేతుల పెట్టి, "ప్రార్థన చెయ్యమంటవా?" అని అడిగిండు.

"కురచగ చెయ్యున్రి."

అయ్యగారు కండ్లు మూసుకున్నడు. పెదవులు కదిలినై గాని మాట రాలే. కొంచెంసేపటికి మొగిలి కాళ్ల మీద చెయ్యి ఆనిచ్చి, లేచి పోయిండు. తన ఎరుకల అయ్యగారు చేసిన ప్రార్థనలల్ల అదొక్కటే సారక్కకు నిజమనిపిచ్చింది.

మొగిలికి ముక్కు మీద, నోటి మీద ఆక్సిజన్ మాస్కు పెట్టిన్రు. అయినా పొద్దుగాల మెలకువ రాంగనే మాస్కు లోపల పెదవులు కదిలేటియి. రెండు మాటలు. తర్వాత ఆగుడు. ఆగినంతసేపు కండ్లు మూసుకునే ఉండేటోడు. సారక్క పన్నెండు దినాలు అది చూసింది. ఈ మనిషి ఏం వింటాండు, ఏం వినబడుతాంది ఈయనకు అని కుళ్లుకున్నది సుత. తను మూడు మండలాలు వినేటట్టు ఒర్రింది, తనకు ఏం వినబడలే.

పదమూడోనాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి ఫైలు చూసి, సారక్కను బయటికి పిలిచి, కొత్త మందులు పనిచేస్తలేవు, ఇంటికి తీస్కపోతమంటే తీస్కపోవచ్చు అన్నది. ఆ మాటకు అర్థమేందో చదువు రానోళ్లకు సుత తెలుస్తది. సారక్క లోపలికొచ్చి స్టూలు మీద కూసున్నది. ఊడ్చే ఆమె మంచాల కింద ఫినాయిల్ నీళ్లు చల్లుతాంది. పక్క మంచం ముసలాయన దగ్గుతాండు.

మొగిలి కండ్లు తెరిచి ఉన్నడు. పెదవులు కదుల్తలేవు. కదిలిద్దామని చూసిండు. సత్తువ చాల్లే. సారక్క దిక్కు చూసిండు. ఆ చూపు ఆమెకు ఎరుకే. యార్డుల బరువుకు వంగి, వెనక ఎవరున్నరో కనబడక అడిగే చూపు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకున్నది. కండ్లు మూసుకున్నది. మైకు కనబడ్డది. కనబడనియ్యి అనుకున్నది.

"ఉన్నవా తండ్రీ," అన్నది.

అంతే. ఇంక చెప్పేటందుకు ఆమె కాడ ఏం లేదు. సాక్ష్యం లేదు, పేరు లేదు, అడిగే మొఖం సుత లేదు. ఆయన ఆగినట్టే ఆగింది. ఆక్సిజన్ బుడగల సప్పుడు. ఊడ్చే ఆమె బకెట్ గుంజిన సప్పుడు. ఉన్న అని ఎవరూ అనలే. వెలుగు రాలే, కల రాలే. బరువు దిగలే. మనిషి పోతాండు, తన తప్పుకే పోతాండు, అది ఎటూ పోలే. దాని కింద మోకాళ్లు మాత్రం గట్టిపడ్డయి. ఒక్కతిని మోస్తలేనని ఎట్ల తెలిసిందో ఆమెకు చెప్పరాలే. ఇప్పటికీ చెప్పుడు రాదు.

మొగిలి మాస్కు పక్కకు జరిపిండు. గొంతు గాలోలె వచ్చింది.

"ఎత్తిండా?"

సారక్క కండ్లు తుడుచుకోలే.

"మోగుతాంది," అన్నది. "కట్ చెయ్యకు."

మొగిలి మూతి ఒక దిక్కు వంకరైంది. నవ్వబోయిండు. అది దగ్గైంది. సారక్క చెయ్యి విడువకుండ, చుట్టూ ఎవరున్నరని చూడకుండ, రెండో చేత గిన్నె పట్టింది.